పొద్దుటూరు సీతారాముడు ఇచ్చట బోర్లా పడుకొనెను

చందానగర్, హైదరాబాదు
14 సెప్టెంబర్ 1998

పొద్దుటూరు పుర భూషణులు, జూనియర్ కాలేజీ లెక్కల సింహం, మా అమ్మకు ఉన్న ఒకే ఒక్క అన్న అయిన సీతారామాంజనేయులు మామ దివ్య సముఖమునకు,

మేనల్లుడు హేమంత్ సాష్టాంగపడి రాయునది. గది చిన్నది కనుక సాష్టాంగంలో కాళ్ళు గడప బయటే ఉన్నాయి, మన్నించాలి. ఇక్కడ నేను క్షేమం, కుక్కరు క్షేమం, దాని విజిల్ మాత్రం మంచం పట్టింది. ఫోన్ చేస్తే నీకు వినపడదు, ఈ-మెయిల్ అంటే నీకు నమ్మకం లేదు. అందుకని పోస్టాఫీసుకు ఈ ఆదాయం.

నా ఉద్యోగం ఏమిటని పోయినసారి అడిగావు. చెప్తాను, నవ్వకూడదు. వెనకటి పెద్దలు కంప్యూటర్‌లో చోటు మిగులుతుందని సంవత్సరాన్ని రెండంకెలతో సరిపెట్టారు. రెండువేల సంవత్సరం వస్తే అది సున్నా సున్నా అయి, కంప్యూటర్లకు మతి పోయి, లోకం తలకిందులవుతుందట. ఆ ప్రళయాన్ని ఆపడానికి నేను పొద్దున్నుంచీ 71 అని ఉన్నచోట 1971 అని దిద్దుతూ కూర్చుంటాను. బి.టెక్ చదివించినందుకు మా నాన్న ఊరంతా చెప్పుకుంటున్నాడు.

ఆఫీసు మాదాపూర్ రాళ్ళగుట్టల మధ్య కొత్తగా లేచిన అద్దాల భవనంలో ఉంది. చుట్టూ ఇంకా మేకలు తిరుగుతున్నాయి. అవి అద్దంలో తమ ముఖం చూసుకుని ఇంకో మేక అనుకుని కుమ్ముతాయి. సెక్యూరిటీవాళ్ళు తరుముతారు. హైటెక్ సిటీ అంటే ప్రస్తుతానికి ఇదే.

ఇక అసలు సంగతి. మా ఎం.డి.కి 'మనం ఎగరాలి' అనే మాట ఊతపదం. మేం ఎగరడం లేదని కాబోలు, బాలానగర్ పాత ఇనుము కొట్లో ఒక యుద్ధవిమానం ముక్కు దొరికితే కొని, లారీ మీద తెచ్చి రిసెప్షన్‌లో పెట్టించాడు. కాన్‌బెర్రా అనే బాంబర్‌ట. విమానమంతా కాదు, పైలట్ కుర్చీ వెనక నుంచి గుమ్మడికాయ ముచ్చికలా కోసేసిన ముందుభాగం. పైన ఒక పక్కకు ఒరిగిన అద్దాల బుడగ, కింద ఇంకో అద్దం. సెక్యూరిటీ సూపర్‌వైజర్ లింగమూర్తి అని పెద్ద మీసాల మనిషి ఒకాయన ఉన్నాడు. ఎం.డి. వస్తే తల ఊపుతాడు, ఈ ముక్కు ముందు నుంచి పోతే సెల్యూట్ కొడతాడు.

నిన్న అన్నం వేళ ఎవరూ లేకుండా చూసి లోపల దూరాను. ముందు అద్దం దగ్గర మనిషి బోర్లా పడుకునేందుకు చిరిగిన పరుపు ఒకటి ఉంది. పడుకున్నాను. బాంబు వేయడానికి కాదు, పెసరట్టు అరగడానికి. పక్కన రేకు మీద ఏవో గీతలు. చీకట్లో తడిమి, అగ్గిపుల్ల వెలిగించి చూద్దును కదా, తెలుగు! అక్షరాలా ఇలా ఉంది:

"పొద్దుటూరు సీతారాముడు ఇచ్చట బోర్లా పడుకొనెను. నిద్ర పట్టలేదు."

మామా, పొద్దుటూరులో సీతారాములు బోలెడుమంది. విమానంలో పడుకున్నవాళ్ళు ఎందరు? నువ్వు ఎయిర్‌ఫోర్స్‌లో పనిచేశావని అమ్మ చెప్తుంది. నువ్వెప్పుడూ చెప్పలేదు. మేం అడిగితే త్రికోణమితి లెక్క ఇచ్చేవాడివి. జవాబు రాయగలవు.

భక్తుడు,
హేమంత్


పొద్దుటూరు
23 సెప్టెంబర్ 1998

చిరంజీవి హేమంత్‌కు మామ ఆశీస్సులు.

నీ ఉత్తరం మీ అత్త పార్వతమ్మకు చదివి వినిపిస్తూ సగంలో ఆపినాను. 'ఏమైంది, గొంతు పట్టిందా?' అని మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తాగినాను.

ఆ రాత నాదే. మ్యాపుల మీద దూరాలు కొలిచేదానికి సర్కారు ఇచ్చిన డివైడర్ మొనతో గీకినాను. అప్పుడు నాకు నీ వయసు, నీకున్నంత నోరు. ఇప్పుడు లెక్కలు చెప్పే నోరే మిగిలింది.

నిన్నెప్పుడూ కూర్చోబెట్టి చెప్పలేదు కాబట్టి ఇప్పుడు విను. ఆ విమానంలో ఇద్దరమే. పైలట్ పైన ఆ అద్దాల బుడగ కింద కూర్చుంటాడు. నేను నావిగేటర్‌ని. నా చోటు కింద, ముక్కులో. చిన్న బల్ల, ఎర్ర దీపం, మ్యాపు, పెన్సిలు. పైవాడికి ఆకాశం కనిపిస్తుంది, దారి కనిపించదు. దారి నేను చెప్పాలి. గురి దగ్గరపడితే బల్ల వదిలిపెట్టి ముందుకు పాకి, నువ్వు పెసరట్టు అరగదీసుకున్న ఆ పరుపు మీద బోర్లా పడుకోవాలి. అప్పుడు భూమి అంతా నా గడ్డం కింద జరిగిపోయేది. ఊర్లు దీపాలార్పుకొని పడుకునేవి. ఏర్లు మాత్రం మెరిసేవి. శత్రువు ఏరు, మన ఏరు అని నీళ్ళ మీద రాసి ఉండదురా. మ్యాపు చూసుకొంటే తప్ప మన పెన్నా కాదు అనిపించేది కాదు.

అది 71 యుద్ధం. డిసెంబర్ చలికి పెన్సిలు పట్టుకున్న వేళ్ళు కొయ్యబారేవి. కిరోసిన్, రబ్బరు, ఎప్పుడో ఎవరో ఒలకబోసిన టీ, మూడూ కలిసిన వాసన ఒకటి ఉండేది. ఇప్పటికీ మన వీధిలో కిరోసిన్ బండి వస్తే నేను మేడ మీదికి పోయి నిలబడతాను. మీ అత్త, కిరోసిన్ పట్టేది తప్పించుకునేదానికి అనుకుంటుంది.

ముందు అద్దానికి ఎడమ పక్క గోరంత బీట ఉందేమో చూసి రాయి. గద్ద తగిలింది అప్పుడు. రెక్కలు ఎవరు కొన్నారో కనుక్కో.

మీ మామ,
సీతారామాంజనేయులు


చందానగర్
11 అక్టోబర్ 1998

గగన విహారి, పెన్నా తీర వాసి మామ గారికి,

బీట ఉంది. నేను తడిమి చూస్తుంటే రిసెప్షన్ స్వప్న 'సార్, పగలగొట్టిన్రా?' అని కంగారుపడింది. మా మామ పగలగొట్టాడు, 1971లో అన్నాను. రెక్కలు జీడిమెట్లలో కరిగి గిన్నెలైపోయాయని పాత ఇనుము కొట్టువాడు సెలవిచ్చాడు. ఎవరింట్లోనో నీ రెక్క మీద పప్పు ఉడుకుతోంది. వీరమరణం.

మామా, నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. గద్ద గురించి రాశావు, టీ వాసన గురించి రాశావు. పైన కూర్చున్నాయన పేరు రాయలేదు. పైలట్ లేకుండా పొద్దుటూరు మనిషి ఒక్కడే విమానం తోలాడంటే నేను నమ్ముతాను, చరిత్ర నమ్మదు.

ఆ పేరు నాకు ఇంకోచోట దొరికింది. నీ ఉత్తరం జేబులో పెట్టుకుని టీ కొట్టు దగ్గర లింగమూర్తితో అన్నాను, తాతా, ఆ ముక్కులో మా మామ పడుకునేవాడట అని. ఆయన గ్లాసు కింద పెట్టేశాడు.

"ఏ మామ? కడప సారా? సీతారాం సారా?"

"నీకెట్లా తెలుసు?"

"అరే బిడ్డా, గా జహాజుకు నేను మెకానిక్కును. సారోళ్ళను బెల్టులేసి కట్టేది నేను, తలుపు మూసేది నేను. మంచిగున్నడా సారు? ఇంక గట్లనే జోకులేస్తడా?"

జోకులా, మా మామా అన్నాను. ఆయన నన్ను జాలిగా చూశాడు. నువ్వూ పైలట్ నర్సింగ్‌రావు గారూ ఆకాశంలో ఇంగ్లీషు మాట్లాడాలన్న రూలు గాలికొదిలి తెలుగులో తిట్టుకునేవారట. ఆయన సంగారెడ్డి తెలుగు, నీది కడప తెలుగు, కింద వింటున్న పంజాబీ సిపాయిలు ఇది రహస్య భాష అనుకునేవారట.

ఇంకో మాట. నర్సింగ్‌రావు గారు ఇప్పుడు చందానగర్‌లోనే ఉన్నారు. నా గది వెనక వీధి! ఆకుపచ్చ గేటు, జామచెట్టు. నేను రోజూ ఆ గేటు ముందు నుంచే బస్సుకు పరుగెత్తుతున్నాను. చెవులు నీకంటే మొండి అట. వెళ్ళి నమస్కారం పెట్టి రానా?

త్వరగా చెప్పు. ఎందుకంటే కొత్త కబురు ఒకటి. డిసెంబర్‌లో మా ఆఫీసు ప్రారంభోత్సవం. ఆ లోపల కుర్చీ, పరుపు, రేకులు అన్నీ పీకేసి అందులో కాఫీ మిషన్ పెట్టాలని ఎం.డి. నిర్ణయం. నీ శాసనం మీద నురగ కాఫీ కారబోతోంది.

నీ
హేమంత్


పొద్దుటూరు
19 అక్టోబర్ 1998

హేమంత్‌కు,

ఆ గేటు తట్టొద్దు.

నువ్వు ఊరుకునే రకం కాదు కాబట్టి కారణం రాస్తున్నాను. ఒక్కసారే. మీ అత్తకు గూడా ఇంత వివరంగా చెప్పలేదు.

ఆ విమానంలో పైలట్‌ది మామూలు కుర్చీ కాదు. ప్రాణం మీదికొస్తే తలపైన ఉన్న పిడి లాగాలి. కుర్చీతో సహా మనిషిని ఆకాశంలోకి చిమ్మేస్తుంది, పారాచూట్ విచ్చుకుంటుంది. నేల మీద ఉన్నప్పుడు పొరపాటున పేలకుండా దానికి ఒక పిన్ను గుచ్చి ఉంటుంది. పిన్ను ఉన్నంతవరకు పిడి కదలదు. ఎగిరే ముందు పిన్ను తీసేయాలి. నాకు ఆ కుర్చీ లేదు. విమానం చేసినోళ్ళు నా వరకు పెట్టలేదు. నాకు మడత స్టూలు, రొమ్ముకు తగిలించుకునే పారాచూట్, పక్కన ఒక తలుపు. తెరుచుకొని దూకాలి, అంతే.

ఎగిరే ముందు 'పిన్ను తీసినావా?' అని నేను అడగాలి, తీసి చూపాలి వాడు. మాటతో సరిపెడితే నేను ఒప్పుకునేవాణ్ణి కాదు, కళ్ళారా చూడాల్సిందే. నర్సింగ్ చూపించి, నా చేతిలో పెట్టేవాడు. 'ఉంచుకో సీతారామ్, నా పానం నీ జేబుల ఉంటది' అనేవాడు. దిగినాక తిరిగి ఇచ్చేవాణ్ణి. అది మా ఇద్దరి అలవాటు. దేవుడికి దణ్ణం పెట్టుకున్నట్టు.

ఆ రాత్రి బాంబులు వేసి తిరిగి వస్తుంటే కింద నుంచి కొట్టినారు. కుడి ఇంజనుకు మంట. 'దుంకు సీతారామ్' అన్నాడు. తలుపు దగ్గరికి పాకినాను. తలుపు రాలేదు. భుజంతో గుద్దినా, కాళ్ళతో తన్నినా రాలేదు. మైకులో చెప్పినాను, 'నర్సింగ్, తలుపు రాలేదు. నా సంగతి వదిలెయ్. నువ్వు పో.'

వాడు నవ్వినాడు.

చిన్న నవ్వు కాదు. పగలబడి. నా చెవుల్లో, హెడ్‌ఫోన్లలో. నేను పార్వతిని తలుచుకుంటా ఉన్నాను. పెండ్లయి ఏడాది కూడా కాలేదు. వాడి నెత్తి మీద పిడి ఉంది, లాగితే ఇంటికి పోతాడు. అట్లాంటోడు, పోలేనోణ్ణి చూసి నవ్వినాడు.

తర్వాత మంట ఆరింది. ఒక్క ఇంజనుతో దించినాడు. గొప్ప పైలట్, కాదనను. దిగినాక నేను ఒక్క మాట మాట్లాడలేదు. వేరే పైలట్ కావాలని రాసిచ్చినాను. పిన్ను నా జేబులోనే ఉండిపోయింది. నర్సింగ్ రెండు మూడుసార్లు నా గది ముందుకు వచ్చి నిలబడినాడు. నేను తలుపు తీయలేదు. తీయలేని తలుపు ఎట్లుంటాదో వాడూ చూడనీ అనుకున్నాను.

ఇప్పటికీ ఆ నవ్వు నా చెవుల్లో ఉందిరా. మిగతా శబ్దాలన్నీ తగ్గిపోయినాయి. అది తగ్గలేదు.

పిన్ను రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. ఇన్నేండ్లూ మీ అత్త దాన్ని వంటింటి కిటికీకి గడియగా వాడింది. కాఫీ మిషన్ పెట్టేలోపల దాన్ని ఆ కుర్చీలో దాని తావున గుచ్చేసెయ్. సర్కారు సొమ్ము సర్కారుకు చేరుతుంది. నాకూ ఆ విమానానికీ లెక్క తీరిపోతుంది.

మీ మామ

తా.క.: మీ అత్త, గడియ లేకపోతే కోతులొస్తాయి అంటున్నది. అక్కడ మంచి గడియ దొరికితే కొని పంపు.


చందానగర్
4 నవంబర్ 1998

మామా,

ఈసారి బిరుదులు రావడం లేదు. ప్రయత్నించాను.

పార్సిల్ అందింది. పిన్నుకు కట్టిన ఎర్ర గుడ్డ పేలిక వెలిసి గులాబీ రంగుకు వచ్చింది, ఇనుముకు ఇంగువ వాసన. నిన్న అన్నం వేళ లోపలికి ఎక్కి, కుర్చీ నెత్తి దగ్గర పిన్ను గుచ్చే రంధ్రం వెతికాను. దొరికింది. గుచ్చబోయాను.

పట్టలేదు మామా.

ఆ రంధ్రం పెన్ను రీఫిల్ అంత సన్నం. నీ పిన్ను నా చిటికెన వేలంత లావు. తుప్పేమో అని గీకాను, నూనె రాశాను. అది తుప్పు సంగతి కాదు, సూది బెజ్జంలో రోకలి దూర్చే పని. లింగమూర్తిని పిలిచి, తాతా, ఇది ఈ కుర్చీది కాదా అని అడిగాను.

ఆయన దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. చాలాసేపు తిప్పి చూశాడు. నవ్వుతాడనుకున్నాను. కళ్ళు తుడుచుకున్నాడు.

"దొరికిందా నాయినా! గిది చక్రాలకు పెట్టే పిన్ను. నిలబెట్టినప్పుడు కాళ్ళు మడవకుంట పెడ్తరు. గిదొక్కటి లెక్కకు తక్కువొచ్చిందని నాకెంత శిక్షేసిన్రో ఎర్కేనా? సంచి మోసుకుంట గ్రౌండంత ఉరికిచ్చిన్రు."

"మా మామ దగ్గర ఎందుకుంది మరి?"

"నర్సింగ్‌రావు సారే అడిగె. 'లింగమూర్తీ, స్టోర్ల నుంచి చక్రాల పిన్ను ఒకటి ఎక్కువ తేవోయ్, కడపాయన చూడనిది నమ్మడు' అన్నడు. తెచ్చిన. అది సీతారాం సారుకు చూపిచ్చేటోడు. కుర్చీ పిన్ను తియ్యకపోయేటోడు."

"తీయకపోతే?"

"తియ్యకపోతే ఏముంది? కుర్చీ లేవది. సారు గూడ మీ మామ లెక్కనే. దుంకితే తలుపు నుంచి దుంకాలె, లేకుంటే లేదు. నేను వద్దన్న సార్ అంటి. 'కింద ఒకడు ఆకలితోటి ఉంటే పైన కూసొని బిర్యాని తింటరా లింగమూర్తీ?' అన్నడు. ఇగ నేనేమంట?"

మామా, నువ్వు ఎప్పుడూ ఆ కుర్చీలో కూర్చోలేదు కదా. చీకట్లో నీ చేతిలో పెట్టిన పిన్ను కుర్చీదో చక్రానిదో నీకెట్లా తెలుస్తుంది? ఇన్నేళ్ళూ నీ దగ్గర ఉన్నది ఆయన తప్పించుకునే దారి కాదు. మీరు ఎగిరినప్పుడల్లా అసలుది కుర్చీలోనే ఉండేది.

ఆ గేటు తట్టలేదు. నువ్వు వద్దన్నావు కనుక. కానీ నిన్న బస్సు కోసం పరుగెత్తుతూ ఆగాను. జామచెట్టు కింద ఒక పొడుగాటి ఆయన రేడియో చెవికి ఆనించుకుని కూర్చున్నాడు. రేడియో ఎంత గట్టిగా ఉందంటే బస్సు హారన్ నాకు వినపడలేదు. బస్సు పోయింది.

హేమంత్


పొద్దుటూరు
10 నవంబర్ 1998

హేమంత్,

లింగమూర్తిని ఒక్కటి అడుగు. అన్ని దినాలూ చేసి ఉండొచ్చు. ఆ రాత్రి కూడానా?

మామ


చందానగర్
16 నవంబర్ 1998

మామా,

అడిగాను. ఆయన మాటలు ఆయన మాటల్లోనే రాస్తున్నాను, నేను ఒక్క అక్షరం కలపలేదు.

"ఆ దినం గూడ. జహాజు దిగినంక సారును కుర్చీల నుంచి ఇప్పింది నేనే. చెయ్యి పెట్టి చూసిన. పిన్ను లోపట్నే ఉండె. అంగి మొత్తం తడిసిపోయింది సారుకు. 'సీతారామ్ ఏడి?' అన్నడు. మీ మామ అప్పటికే నడుసుకుంట పోతుండు. సారు ఎన్కనుంచి పిలిచిండు. ఇంజన్ల మోతకు ఇనబడలేదేమో."

కాఫీ మిషన్ వచ్చే నెల మొదటివారంలో వస్తోంది. పీకే మనుషులు అంతకు ముందు వస్తారు.

హేమంత్


పొద్దుటూరు
22 నవంబర్ 1998

చిరంజీవి హేమంత్‌కు,

వినబడిందిరా. పిలిచినాడు. నాకు వినబడింది.

వచ్చే శనివారం పొద్దున బస్సు దిగుతాను. నర్సింగ్‌కు నేనే కార్డు రాసినాను. ఆ ముక్కు దగ్గరికే రమ్మన్నాను. ఇంటికి పోయి గేటు ముందు నిలబడే మొహం నాకు లేదు. ఇద్దరికీ తెలిసిన చోటు అదొక్కటే. పీకేవాళ్ళను శనివారం దాకా ఆపు. ఎట్లా ఆపుతావో నాకు తెలీదు. 71ని 1971 చేసినోడివి, వారం నిలబెట్టలేవా?

మీ అత్త నీకు కజ్జికాయలు, నర్సింగ్‌కు నిమ్మకాయ ఊరగాయ ఇచ్చి పంపుతోంది. వాడికి పుల్లగా ఉంటే ఇష్టమని ఎన్నడో చెప్పినా. గుర్తు పెట్టుకుంది.

మీ మామ


పొద్దుటూరు
3 డిసెంబర్ 1998

చిరంజీవి హేమంత్‌కు మామ, అత్త ఆశీస్సులు.

ఇల్లు చేరినాను. శనివారం నువ్వు నన్ను గడపలో నిలబెట్టి, 'అర్జెంట్ మీటింగ్' అని అద్దాల గదిలోకి పోతివి. ఇన్నేండ్ల తర్వాత కలుస్తున్న ఇద్దరిని చూసే భాగ్యం వదిలేసి ఎవరితోనో తారీఖుల గురించి మాట్లాడుతా కూర్చుంటివి. అద్దం లోపలి నుంచి నువ్వు కోతి లాగా చేతులూపడం చూసినాను. కాబట్టి ఏం జరిగిందో రాస్తున్నా, రాసుకొని పెట్టుకో.

లింగమూర్తి నర్సింగ్‌ను లూనా మీద వెనక కూర్చోబెట్టుకొని తెచ్చినాడు. వాడు దిగినాడు. తల మొత్తం నెరిసింది. ఆ పొడుగు మాత్రం తగ్గలేదు. ఎదురెదురుగా నిలబడినాం. బస్సులో రాత్రంతా ఏమేమో అనుకొని వచ్చినాను. నోట్లోంచి వచ్చింది మాత్రం, "ఎందుకు నవ్వినావు?"

"ఆఁ?"

"ఎందుకు నవ్వినావు ఆ పొద్దు!"

వాడు చెయ్యి చెవికి పెట్టుకున్నాడు. నేను గొంతు చించుకొని అరిచినాను, "ఎందుకు నవ్వినావు?"

మీ స్వప్న కుర్చీలోంచి లేచి, "నేను నవ్వలే సార్, ఒట్టు సార్" అన్నది. పాపం, ఏడుపు మొహం పెట్టింది. ఆ పిల్లకు నా తరఫున క్షమాపణ చెప్పు.

నర్సింగ్‌కు అప్పుడు వినబడింది. మొహం చూసినాను. వాడికి ఇన్నేండ్లూ కారణమే తెలీదురా. వేరే పైలట్‌ను ఎందుకు అడిగినానో తెలీదు. తను నడిపేది నచ్చలేదేమో అనుకున్నాడంట.

"నవ్వకేం జేస్తరు?" అన్నాడు. వాడు మాట్లాడితే మీ భవనమంతా మాట్లాడినట్టుంది. "నువ్వేమో 'నువ్వు పో నర్సింగ్' అంటివి. ఎట్ల పోవాలె? పిన్ను లోపట్నే ఉండె. ఇద్దరికీ ఒక్కటే తలుపు, గదీ వస్తలేదు. అసుంటి టైముల నువ్వు నన్ను సాగనంపుతుంటివి, బస్టాండుల చుట్టాన్ని ఎక్కిచ్చినట్టు! గంత మంచి జోకు నీ జిందగీల ఎన్నడన్న చెప్పినవా?"

"ముందే చెప్పొచ్చు గదా!"

"చెప్తే ఎగరనిస్తుంటివా? రూల్ బుక్కు తీస్తుంటివి."

తీస్తా ఉంటిని. నిజమే.

"దిగినాక?"

"దిగినంక తలుపు తియ్యకపోతివి."

వాడి భుజం పట్టుకున్నాను. కోటు కింద ఎముకలు తగిలినాయి. చుట్టూ మీ ఆఫీసు పిల్లలు ఎప్పుడు చేరినారో చేరినారు. మీ ఎం.డి. కూడా మెట్ల మీద నిలబడినాడు. ఊరగాయ సీసా లింగమూర్తి చేతిలో ఉంది, వాడు దాన్ని రాకెట్టు పట్టుకున్నట్టు పట్టుకొని అటెన్షన్‌లో ఉన్నాడు. నువ్వు పొద్దున నా చేతికి తిరిగిచ్చిన పిన్ను లింగమూర్తికి ఇచ్చేసినాను. "లెక్క చూసుకో లింగమూర్తీ" అంటే, "సరిపోయింది సార్" అని జేబులో వేసుకున్నాడు. మీ అత్త కిటికీకి ఇంక దారంతోనే ముడి.

తర్వాత ఇద్దరం లోపలికి ఎక్కినాం. ఎక్కేదానికి నలుగురు పట్టుకోవలసి వచ్చింది, అది రాయను. నర్సింగ్ పైన కూర్చున్నాడు. నేను పాక్కుంటూ పోయి పరుపు మీద బోర్లా పడుకున్నా. నా గడ్డం కింద ఏర్లు లేవు, మీ ఆఫీసు పాలరాయి, ఒక పూలకుండీ. కిరోసిన్ వాసన ఇంకా ఉందిరా! టీ వాసన పోయింది, రబ్బరు వాసన పోయింది, అది మాత్రం ఉంది.

పై నుంచి వాడు పిలిచినాడు, ఎప్పుడూ పిలిచినట్టే. "నావిగేటర్! ఎక్కడున్నం?"

మ్యాపు లేదు, ఎర్ర దీపం లేదు. అద్దంలో నుంచి బయటికి చూసినా. మేకలు.

"ఇల్లు చేరినాం, నర్సింగ్" అన్నాను. వాడికి వినబడిందో లేదో.

మేము లోపల ఎంతసేపు ఉన్నామో నువ్వు అడగొద్దు. లింగమూర్తి రెక్క పట్టి లేపే దాకా ఉన్నాం.

ఆ ముక్కు గతి ఏమైందో రాయి.

మీ మామ


చందానగర్
20 డిసెంబర్ 1998

శత్రు భయంకర, రిసెప్షనిస్టు భయంకర, గగన సింహ శ్రీ మామ గారికి,

బిరుదులు మళ్ళీ వస్తున్నాయి, గమనించగలవు.

ప్రారంభోత్సవం దిగ్విజయంగా ముగిసింది. వచ్చిన పెద్దలు మా సాఫ్ట్‌వేర్ చూడలేదు, ముక్కు చూశారు. ఆ రోజు నువ్వు అరిచిన అరుపు విన్నాక ఎం.డి. పీకేవాళ్ళను వెనక్కి పంపేశాడు. కుర్చీ అక్కడే ఉంది, పరుపు అక్కడే ఉంది. కాఫీ మిషన్ పక్కన పెట్టారు. కాఫీ మాత్రం కిరోసిన్‌కే దగ్గరగా ఉంది. స్వప్నకు నీ క్షమాపణ అందజేశాను. 'ఆ తాతలిద్దరూ మళ్ళెప్పుడొస్తరు?' అని అడిగింది.

నేను ఇప్పుడు ఆకుపచ్చ గేటు తడుతున్నాను. తడితే వినపడదు, గోడ దూకాలి. ఆదివారాలు నర్సింగ్‌రావు గారు నాకు బిర్యానీ పెడుతూ నీ కథలు చెప్తున్నారు. నువ్వు విమానంలోంచి ఏమేమి పాటలు పాడావో ఇప్పుడు నాకు తెలుసు. ఇకమీదట నాకు త్రికోణమితి ఇచ్చి నోరు మూయించలేవు. నిమ్మకాయ ఊరగాయ అయిపోయింది, ఇంకో సీసా పంపమని అత్తకు మనవి. గడియ ఈ పార్సిల్లో పంపుతున్నాను. బాలానగర్‌లో చేయించింది, పట్టకపోతే నన్ను అనొద్దు, మన వంశంలో పిన్నులు పట్టవు.

ఇక ఒక ఫిర్యాదు. నిన్న హౌస్‌కీపింగ్ కొమురమ్మ ముక్కు లోపల తుడుస్తూ నన్ను పిలిచింది. 'సారూ, ఎవలో గీకిన్రు, నన్నంటరు' అని ఆమె భయం. నేను దూరి, అగ్గిపుల్ల వెలిగించి చూశాను. నీ పాత శాసనం కింద రేకు కొత్తగా మెరుస్తోంది. మామా, ఆ వయసులో, ఆ హోదాలో, కంపెనీ ఆస్తి మీద, బస్సు టికెట్‌తో పాటు డివైడర్ కూడా తెచ్చుకున్నావన్నమాట!

పైన ఎప్పటిలాగే, "పొద్దుటూరు సీతారాముడు ఇచ్చట బోర్లా పడుకొనెను. నిద్ర పట్టలేదు."

దాని కింద, అదే చేతిరాత, కొంచెం వణుకుతూ: "మరల పడుకొనెను. పట్టినది."

దాని కింద, ఇంకో చేతిరాత, పెద్ద పెద్ద అక్షరాలతో, రేకు అంచు దాకా:

"గురక గూడ పెట్టిండు. నేను ఇన్న. – నర్సింగ్"

మీ మేనల్లుడు,
హేమంత్